పాత వ్యాన్‌కి తుప్పు: ఏది ముందు తీయాలి, ఏం పూయాలి, ఎక్కడ వెల్డింగ్ తప్పదు

డీజిల్‌_డబ్బా

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్లు దాటిన ప్యానెల్ వ్యాన్. ఇంజిన్, గేర్‌బాక్సు బాగున్నాయి. బాడీకే తుప్పు పట్టుకుంది. ఇప్పటికి కనిపించినవి:

వెనక కుడి చక్రం ఆర్చ్ (చక్రం పైన ఉండే వంపు రేకు) అంచు వెంబడి పెయింట్ కింద పొక్కులు. జారుడు తలుపు కింది అంచున గోధుమరంగు గీత. ఎడమ సిల్‌లో (తలుపుల కింద పొడవునా ఉండే బాక్సు రేకు) జాకీ పెట్టే చోటుకి కాస్త వెనక స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు లోపలికి దిగుతోంది. ఛాసిస్ రెయిళ్ల (అడుగున పొడవునా ఉండే దూలాలు) మీద చాలావరకు పొడి తుప్పే, రెండు మూడు చోట్ల మాత్రం పొరలు పొరలుగా ఊడుతోంది. అడుగున పూసిన పాత తారు అండర్‌కోట్ పెచ్చులు లేచింది. ముందు అద్దం రబ్బరు కింద, మూలలో ఒక చిన్న పొక్కు.

రస్ట్ కన్వర్టర్ (తుప్పుని వేరే పొరగా మార్చే మందు) పూసి పైన ప్రైమర్, పెయింట్ వేస్తే ఆగుతుందా? ఏ క్రమంలో చేయాలి? పైకప్పున్న చోటు, గ్రైండర్, చిన్న కంప్రెసర్ ఉన్నాయి.

రేకుపని

కన్వర్టర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తుప్పు బయటి నుంచి లోపలికి పోతోందా, లోపలి నుంచి బయటికి వస్తోందా తేల్చుకోండి. పని మొత్తం దాని మీదే ఆధారపడుతుంది.

రాయి తగిలి పెయింట్ లేచిన చోట పట్టిన తుప్పు బయటిది. దాన్ని గీకి, ప్రైమర్ వేసి, రంగు కలిపితే పని అయిపోతుంది. మీ ఆర్చ్, తలుపు అంచు, సిల్ అలాంటివి కావు. ఆర్చ్ దగ్గర బయటి రేకు, లోపలి రేకు అంచులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేస్తారు. చక్రం విసిరిన బురద లోపలి పెదవి మీద గూడు కట్టి తడిగా ఉండిపోతుంది. ఆ తడి రెండు రేకుల సందులోకి పాకుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రేకుల్ని విడదీస్తుంది, చివరికి పెయింట్‌ని లేపుతుంది. మీకు పొక్కు కనిపించేసరికి వెనకవైపు పని చాలావరకు అయిపోయి ఉంటుంది. అలాంటి చోట బయటి నుంచి ఎంత ఖరీదైన మందు పూసినా అది పెయింట్ పనే, తుప్పు పని కాదు.

చూసే పద్ధతి: చిన్న సుత్తితో సిల్ పొడవునా మెల్లగా కొట్టుకుంటూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, చెడిపోయిన చోట మొద్దుగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొన. పాత రిపేర్లు ఉంటాయని అనుకుంటే పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం జరపండి. పట్టు సడలిన చోట కింద లప్పం ఉంది. లోపల మ్యాట్‌లు, ప్లైవుడ్ ఫ్లోర్ ఎత్తకుండా మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు.

పాతస్పానర్

పై మాటకి ఒకటి కలుపుతాను. నీళ్లు వచ్చే దారి మూయకుండా తుప్పు తీస్తే మళ్లీ అదే పని చేసుకోవాలి.

తలుపుల కింది అంచున, సిల్ అడుగున డ్రెయిన్ రంధ్రాలుంటాయి. అద్దం బీడింగ్ పక్కనుంచి తలుపులోకి నీళ్లు దిగడం మామూలే, అందుకే ఆ రంధ్రాలు పెట్టారు. అవి మట్టితోనో, పాత అండర్‌కోట్‌తోనో మూసుకుంటే తలుపు అడుగున నీళ్లు నిలుస్తాయి. ప్లాస్టిక్ కేబుల్ టై దూర్చి శుభ్రం చేయండి. ఇనప తీగ వద్దు, లోపల పెయింట్ గీసుకుపోతుంది. తర్వాత వైపర్ల కింద ఉండే గాడిలో ఆకులు తీయండి. రూఫ్ గట్టర్ అతుకులో సీలెంట్ పగిలిందేమో, టెయిల్ ల్యాంప్ గ్యాస్కెట్లు గట్టిపడ్డాయేమో, జారుడు తలుపు పట్టాలో మట్టి ఉందేమో చూడండి. వ్యాన్‌లో వెనక మూలలు తడవడానికి చాలాసార్లు టెయిల్ ల్యాంపే కారణం.

ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో కింది నుంచి పైకి నీళ్లు పోస్తూ రావాలి. పై నుంచి మొదలుపెడితే ఏ అతుకు కారుతోందో తెలియదు.

త్వరగా_పని

ఇంత పెద్ద తతంగం అక్కర్లేదండీ. వైర్ బ్రష్‌తో కొట్టి కన్వర్టర్ రెండు కోట్లు, పైన తారు అండర్‌కోట్ దట్టంగా. పాత బండికి ఇంతకన్నా ఎందుకు?

రెండుపొరలు

ఛాసిస్ మీద ఉన్న పలచటి పొడి తుప్పుకి మీ మాట కొంత చెల్లుతుంది. పొరలు లేచిన చోట చెల్లదు. కారణం చెబుతాను.

కన్వర్టర్లలో ప్రధానంగా రెండు రకాలు. ట్యానిక్ యాసిడ్ రకం తుప్పుతో కలిసి నల్లటి ఐరన్ ట్యానేట్ అవుతుంది. చాలావాటిలో రబ్బరు పాల లాంటి పాలిమర్ కూడా ఉంటుంది కాబట్టి పొరలా ఆరుతుంది. ఫాస్ఫోరిక్ యాసిడ్ రకం తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, బూడిదరంగు తేలుతుంది. ఏదైనా సరే తాను తాకిన తుప్పునే మారుస్తుంది. పొర మందంగా ఉంటే పైభాగం నల్లబడుతుంది, అడుగున తుప్పు అలాగే ఉంటుంది. మూత పెట్టినట్టవుతుంది, అంతే. అందుకే ముందు గీకి, వదులుగా ఉన్నదంతా రాల్చి, గట్టిగా అతుక్కున్న పలచటి మరక మాత్రమే మిగిలాక పూయాలి.

రెండో చిక్కు పైన వేసే ప్రైమర్‌తో. ఫాస్ఫోరిక్ యాసిడ్ కడగకుండా వదిలేసి దాని మీద టూ-ప్యాక్ ఎపాక్సీ (హార్డనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి వేసే ప్రైమర్) వేస్తే, మిగిలిన యాసిడ్ ఎపాక్సీ హార్డనర్‌ని దెబ్బతీస్తుంది. పొర సరిగా గట్టిపడదు, కొన్నాళ్లకి షీట్‌లా ఊడివస్తుంది. ఎచ్ ప్రైమర్ (యాసిడ్ కలిసిన ప్రైమర్) మీద ఎపాక్సీ వేయొద్దనేది కూడా ఇందుకే. యాసిడ్ ఆరిపోకముందే, డబ్బా మీద చెప్పిన తీరులో నీళ్లతో కడిగి, హీట్ గన్‌తో వెంటనే ఆరబెట్టండి. పాలిమర్ ఉన్న ట్యానిక్ రకమైతే కడగక్కర్లేదు గానీ, దాని మీద గట్టి థిన్నర్ ఉన్న పెయింట్ వేస్తే పొర మెత్తబడి లేస్తుంది. డేటా షీట్‌లో పైన ఏది వేయొచ్చో రాసి ఉంటుంది, అది చదవకుండా రెండు కంపెనీల డబ్బాలు కలపొద్దు.

రేకు మెరిసేదాకా తీయగలిగిన చోట కన్వర్టర్ అవసరమే లేదు. నేరుగా ఎపాక్సీ. చేయి పట్టని సందుల్లోనే కన్వర్టర్‌కి పని.

ఛాసిస్_కింద

గ్రైండర్ పట్టుకునే ముందు అడుగు భాగం కడగాలి. రోడ్డు ఉప్పు, సముద్రపు గాలి ఉప్పు తుప్పు గుంటల్లో ఉండిపోతే పెయింట్ కిందకి తేమ లాక్కుంటుంది. నీళ్లతో బాగా కడిగి, ఆర్చ్‌ల లోపలి పెదవులు, సిల్ అడుగు, స్ప్రింగ్ హ్యాంగర్ల వెనక మట్టి చేత్తో తీసి, మళ్లీ కడిగి, రెండు మూడు రోజులు గాలి ఆడేచోట ఆరనివ్వండి. హై ప్రెషర్ నాజిల్‌ని సీళ్లకి, కనెక్టర్లకి దగ్గరగా పెట్టొద్దు.

ఆరాక గ్రీజు, తారు మరకలు డీగ్రీజర్‌తో తుడవండి. గ్రీజు ఉండగానే వైర్ బ్రష్ పెడితే అది గ్రీజుని గుంటల్లోకి రుద్దుతుంది.

పాత తారు అండర్‌కోట్ సంగతి: గట్టిగా అతుక్కున్న చోట వదిలేయొచ్చు. లేచిన చోట, టక్ టక్ అని బోలుగా మోగిన చోట మొత్తం తీయాలి. దాని వెనక ఎప్పుడూ తడే. హీట్ గన్‌తో మెత్తబరిచి వెడల్పాటి స్క్రేపర్‌తో లాగితే వస్తుంది. మంట టార్చి వద్దు, పెట్రోలు గొట్టాలు, వైరింగ్, సీటు కింద ఫోమ్ అన్నీ దగ్గరే ఉంటాయి. మిగిలిన జిడ్డు మినరల్ టర్పెంటైన్ గుడ్డతో తుడవాలి.

జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి దూరొద్దు. చక్రాలకి అడ్డాలు, గట్టి నేల, ఛాసిస్ మంచిగా ఉన్న చోట స్టాండ్లు. తుప్పు పట్టిన జాకింగ్ పాయింట్ మీద స్టాండ్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రేకుపని

తుప్పు తీయడానికి ఏ డిస్క్ అన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

గ్రైండర్‌కి ముడులున్న వైర్ కప్ ఛాసిస్‌కి బాగుంటుంది. కానీ ఎక్కువసేపు ఒకేచోట తిప్పితే తుప్పుని తీయడం మాని పాలిష్ చేస్తుంది. నల్లగా, గోధుమగా మెరుస్తూ ఇనుములాగే కనిపిస్తుంది. చూసి మోసపోవద్దు. టార్చి ఏటవాలుగా పట్టుకుని చూడండి. మంచి ఇనుము వెండి రంగులో ఒకేలా ఉంటుంది, గుంటల్లో నల్లచుక్కలుంటే అది ఇంకా తుప్పే. ఆ చుక్కలకి మొనదేలిన స్క్రేపర్, 80 నంబరు ఉప్పు కాగితం, లేదా చిన్న చేతి బ్లాస్టర్.

బాడీ రేకు మందం 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లే. ఫ్లాప్ డిస్క్ (ఉప్పు కాగితం రెక్కలున్న డిస్క్) పెట్టి పది సెకన్లు మరిచిపోతే రేకు పలచబడి, వేడికి ముడుచుకుపోతుంది. బాడీ మీద స్పాంజిలా ఉండే నైలాన్ స్ట్రిప్ డిస్కే వాడండి, అది పెయింట్, తుప్పు తీస్తుంది, ఇనుముని పెద్దగా తినదు. పెద్ద తలం మీద సాండ్ బ్లాస్టింగ్ కూడా వద్దు. రేకు ఉబ్బి అలలు అలలుగా అయితే సరిచేయడం టింకరింగ్ వాళ్లకి కూడా కష్టం. ఛాసిస్ రెయిళ్ల మీద పొరలుగా ఉన్నదానికి నీడిల్ స్కేలర్ (ఇనప సూదులతో కొట్టి తుప్పు రాల్చే పరికరం) ఉంటే మేలు. లేకపోతే పాత ఉలి, సుత్తి. ఆ పొరలన్నీ రాల్చాకే అడుగున ఎంత మందం మిగిలిందో తెలుస్తుంది.

ఎంతవరకు తీయాలి అంటే, పొక్కు అంచు దగ్గర ఆగొద్దు. పెయింట్ కింద తుప్పు దారాల్లా పాకి ఉంటుంది. గట్టి పెయింట్, మెరిసే ఇనుము వచ్చాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు ముందుకెళ్లి అంచుని 120, తర్వాత 180 నంబరుతో మెట్టు లేకుండా సాపు చేయండి.

పాతస్పానర్

కళ్లజోడు కాదు, పక్కలు మూసుకున్న గాగుల్స్, దాని మీద ఫేస్ షీల్డ్. వైర్ కప్ నుంచి తెగిన తీగ ముక్కలు గుడ్డలోంచి కూడా దిగబడతాయి. దుమ్ముకి ఎన్95 గానీ పీ2 గానీ మాస్కు. చాలా పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, అలాంటప్పుడు పొడిగా రుద్దకుండా తడి కాగితం వాడండి. గ్రైండర్ గార్డు తీసేసి పని చేయొద్దు.

డీజిల్‌_డబ్బా

సిల్ ప్యాచ్‌ని ఫైబర్‌గ్లాస్ మ్యాట్, రెజిన్‌తో మూస్తే? వెల్డింగ్ మెషిన్ నా దగ్గర లేదు.

ఎర్త్‌క్లాంప్

వద్దు. వ్యాన్‌లో సిల్ అలంకారం కాదు, బాడీ బరువు మోసే భాగం. జాకీ పెట్టేచోటు, సీటు బెల్టు బిగించిన చోటు, సస్పెన్షన్, స్టీరింగ్ మౌంట్‌లు, వాటికి చుట్టుపక్కల రేకు ఇవన్నీ వెల్డింగ్‌తోనే చేయాలి. ఫైబర్ బలం ఇవ్వదు, పైగా రెజిన్ ఇనుముకి సరిగా పట్టక సందులో తడి చేరుతుంది, లోపల తుప్పు హాయిగా పెరుగుతుంది. ఫిట్‌నెస్ తనిఖీలోనూ ఒప్పుకోరు. వెల్డింగ్ రాకపోతే తుప్పు తీయడం, కత్తిరించి చూపించడం, తర్వాత సీలింగ్ మీరు చేసుకోండి, అతికే పని వెల్డర్‌కి ఇవ్వండి.

చేసేవాళ్ల కోసం వివరం. చెడిన చోటు చుట్టూ గట్టి రేకు వచ్చేదాకా, దాని మీద ఇంకో 25 మిల్లీమీటర్లు కలుపుకుని కోయండి. మూలలు గుండ్రంగా ఉండాలి, కోణంగా ఉంటే అక్కడినుంచే చీలిక మొదలవుతుంది. లోపలి రేకు ముందు చూడండి. బయటి ప్యాచ్ వేశాక లోపలిది కనపడదు. ప్యాచ్ రేకు సిల్‌కి 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు, ఛాసిస్‌కి అసలు రేకు ఎంత మందమో అంత. మిగ్ (తీగ తానే అందుతూ కరిగే వెల్డింగ్) అయితే 0.6 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం. ఎదురెదురు అతుకైతే రేకుల మధ్య మిల్లీమీటరు సందు వదిలి, ముందు 25-30 మిల్లీమీటర్లకొక ట్యాక్ (చిన్న చుక్క వెల్డింగ్) వేయాలి. తర్వాత ఒక చివర కొంచెం, ఇంకో చివర కొంచెం, చల్లారనిస్తూ. ఒకే గీతలో లాగితే రేకు వంకర పోతుంది. ప్లగ్ వెల్డింగ్‌కి (రంధ్రంలోంచి కింది రేకుకి అతకడం) పై రేకులో 6 నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తీయాలి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఆల్టర్నేటర్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్లు కూడా తీస్తే భద్రం. ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చోటుకి దగ్గరగా, మెరిసే ఇనుము మీద. ఇంధన ట్యాంకు, గొట్టాలు దగ్గర్లో ఉంటే విప్పేయాలి. వెనకవైపు కార్పెట్, ఫోమ్, వైరింగ్ తప్పించాలి. ఒక మనిషి ఆర్పే సిలిండర్‌తో పక్కనే ఉండాలి, పని అయ్యాక కూడా కనీసం అరగంట. రేకు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అస్సలు వాడొద్దు, ఆర్క్ వేడికి అందులోంచి ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది. గాల్వనైజ్డ్ రేకైతే అతికే అంచుల్లో జింక్ గీకేయండి, ఆ పొగకి జ్వరం వస్తుంది.

క్యావిటీ వ్యాక్స్ (బాక్సు భాగాల లోపలికి కొట్టే మైనం) గానీ, నూనె గానీ వెల్డింగ్ అయ్యాకే. ముందు కొట్టి తర్వాత వెల్డింగ్ పెడితే సిల్ లోపల మంటే.

త్వరగా_పని

సిల్‌కి ఒప్పుకున్నాను. ఆర్చ్ అంచుకి కూడా వెల్డింగేనా?

రేకుపని

చిల్లు పడితే అంతే. పడకపోతే అంచుని తెరిచి శుభ్రం చేసి ఎపాక్సీ వేయొచ్చు. లప్పం మాత్రం చిల్లు మూయడానికి కాదు. పాలిస్టర్ లప్పం తేమ పీల్చుకుంటుంది. ఉత్త ఇనుము మీద వేస్తే దాని కిందే తుప్పు మొదలవుతుంది. ముందు ఎపాక్సీ, అది గట్టిపడ్డాక 180 నంబరుతో గరుకు చేసి, పైన రెండు మిల్లీమీటర్లు మించకుండా లప్పం. తడి కాగితంతో లప్పం రుద్దొద్దు.

రెండుపొరలు

ప్రైమర్ల దగ్గర గందరగోళం ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా.

మామూలు రెడ్ ఆక్సైడ్, సాధారణ గ్రే ప్రైమర్ పొరలు సూక్ష్మ రంధ్రాలతో ఉంటాయి, నీటి ఆవిరిని ఆపవు. వాటిని వేసి పెయింట్ వేయకుండా వారాల తరబడి వదిలేస్తే ప్రైమర్ కిందే తుప్పు పడుతుంది. టూ-ప్యాక్ ఎపాక్సీ అయితే అడ్డుగోడ. నేరుగా మెరిసే ఇనుము మీద వేయాలి. కలిపే పాళ్లు ఒక్కో కంపెనీది ఒక్కోటి, ఒకటికి ఒకటి కావచ్చు, నాలుగుకి ఒకటి కావచ్చు. కళ్లతో అంచనా వేయొద్దు, గీతలున్న కప్పు వాడండి. హార్డనర్ ఎక్కువ వేస్తే తొందరగా ఆరుతుందనుకోవడం తప్పు, పొర సరిగా గట్టిపడదు. కలిపాక చాలావాటికి 15 నుంచి 30 నిమిషాలు ఆగాలని రాసి ఉంటుంది. రెండు పలచటి కోట్లు, మధ్యలో డబ్బా మీద చెప్పినంత విరామం. పైన పెయింట్ వేయడానికి కూడా ఒక గడువుంటుంది, అది దాటితే మళ్లీ గరుకు చేయాల్సిందే.

వాతావరణం: 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే చాలా ఎపాక్సీలు గట్టిపడటం నత్తనడకే. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆపండి. రేకు వేడి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలో తేమ నీరుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, లేకపోతే కంటికి కనపడని తడి రేకు మీద పేరుకుంటుంది. తుడిచి శుభ్రం చేసిన ఇనుముని ఆ రోజే ప్రైమ్ చేయాలి. రాత్రి వదిలితే ఉదయానికి పసుపు పూత వస్తుంది. చేతి ముద్రలు కూడా తుప్పు గుర్తులే అవుతాయి, గ్లౌజులు వేసుకోండి.

జింక్ ప్రైమర్ గురించి అడిగేవాళ్లుంటారు. ఆరిన పొరలో బరువు లెక్కన 80 శాతానికి తగ్గకుండా జింక్ ఉన్నదే పనిచేస్తుంది, అది కూడా ఇనుముని నేరుగా తాకుతూ ఉంటేనే. జింక్ తాను తుప్పు పట్టి ఇనుముని కాపాడాలంటే రెండింటి మధ్య కరెంటు దారి ఉండాలి. కన్వర్టర్ మీద, పాత పెయింట్ మీద వేస్తే అది ఉత్త బూడిదరంగు పెయింటే. వెల్డింగ్ అతుకుల మధ్య రేకుల లోపలివైపుకి వెల్డ్-త్రూ జింక్ ప్రైమర్ వాడతారు, అది వేరు.

అతుకుల్లో పాలియురెథేన్ సీలెంట్ ఎపాక్సీ మీదే పెట్టాలి, ఉత్త ఇనుము మీద కాదు. సిలికాన్ వద్దు. ఆసిటిక్ రకం ఆరేటప్పుడు యాసిడ్ వదులుతుంది, పైగా దాని మీద ఏ పెయింటూ నిలవదు.

టూ-ప్యాక్ పాలియురెథేన్ టాప్‌కోట్ స్ప్రే చేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఐసోసైనేట్ అనే విష రసాయనం. దానికి మామూలు మాస్కు చాలదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. టూ-ప్యాక్ స్ప్రే క్యాన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. బ్రష్‌తో, రోలర్‌తో వేస్తే గాలిలో తేలేది తక్కువ. అడుగు భాగానికి బ్రష్ సరిపోతుంది.

ఛాసిస్_కింద

తేమ పీల్చి గట్టిపడే యురెథేన్ పెయింట్లు ఛాసిస్‌కి బాగుంటాయి, కానీ నున్నటి ఇనుముకి పట్టవు, గరుకు ఉండాలి. ఎండ తగిలితే వెలిసిపోతాయి కాబట్టి కనిపించేచోట పైన ఇంకో కోటు కావాలి. మూత పెట్టేముందు డబ్బా అంచు తుడవండి, లేకపోతే మళ్లీ తెరుచుకోదు.

డీజిల్‌_డబ్బా

అండర్‌కోట్ తారుదా, వ్యాక్సా? వాడేసిన ఇంజిన్ ఆయిల్ కొడితే తుప్పు పోతుందని కూడా చాలామంది అంటున్నారు.

మైనం_గన్

వేస్ట్ ఆయిల్ వద్దండీ. అందులో దహనం వల్ల చేరిన ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి, చర్మానికి చెడ్డది, కారి నేల పాడుచేస్తుంది, రబ్బరు బుష్‌లని ఉబ్బిస్తుంది. బ్రేకు మీద పడితే ఇంకా ప్రమాదం.

తారు అండర్‌కోట్ కొత్త రేకు మీద రాళ్ల దెబ్బలకి పనికొస్తుంది. తుప్పున్న పాత బండికి మంచిది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది. పగులులోంచి తడి లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాదు. మీ బండి మీద వేలాడుతున్న పెచ్చులే సాక్ష్యం. వ్యాక్స్, లానోలిన్ (గొర్రె ఉన్ని మైనం) రకాలు గట్టిపడవు, గీత పడినా కొంత తామే పాకి మూసుకుంటాయి. లానోలిన్ గానీ నూనె రకం గానీ ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి, వ్యాక్స్ ఇంకా కాస్త ఎక్కువకాలం ఉంటుంది. చక్రాల ఆర్చ్‌ల లోపల మాత్రం పలచటి వ్యాక్స్ నిలవదు, కొట్టుకుపోతుంది. అక్కడ ఎపాక్సీ మీద స్టోన్‌చిప్ కోటు, దాని మీద చిక్కటి వ్యాక్స్.

బాక్సు భాగాలకి, అంటే సిల్, తలుపులు, ఛాసిస్ రెయిళ్ల లోపలికి, క్యావిటీ వ్యాక్స్. దీనికి ఉపయోగపడే పరికరం అన్ని వైపులకీ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి నైలాన్ గొట్టం. మీ కంప్రెసర్ చాలు. డబ్బాని 50 నుంచి 60 డిగ్రీల నీళ్లలో పెట్టి వేడి చేస్తే పలచబడి సందుల్లోకి పాకుతుంది. స్టవ్ మీద పెట్టొద్దు. గొట్టాన్ని చివరిదాకా తోసి, ట్రిగ్గర్ నొక్కి మెల్లగా వెనక్కి లాగాలి. డ్రెయిన్ రంధ్రంలోంచి చుక్కలు కారితే సరిగ్గా పడినట్టు. ఒక్కో సిల్‌కి అర లీటరు దగ్గర పడుతుంది. మధ్యరకం వ్యాన్ మొత్తానికి క్యావిటీ వ్యాక్స్ 4, 5 లీటర్లు తీసుకోండి, అడుగు భాగానికి చిక్కటిది అదనం. ఒకేసారి మందంగా కాకుండా వారం తేడాతో రెండు పలచటి కోట్లు మేలు.

బాక్సు లోపల తడి ఉండగా వ్యాక్స్ కొడితే తడిని బంధించినట్టే. ముందు కంప్రెసర్ గాలి చాలాసేపు ఊదండి. సీటు బెల్టు రీళ్లు, బ్రేక్ డిస్కులు, సైలెన్సర్, బెల్టులు, తలుపు లాకు మెకానిజం, అద్దం దింపే మోటారు మీద పడకుండా కప్పండి.

క్యాంపర్_బోర్డు

వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చేవాళ్లకి ఒక మాట. కిటికీ కోసినా, రూఫ్‌కి రంధ్రం వేసినా ఇనప రజను చుట్టూ పడుతుంది. అది మర్నాటికల్లా పెయింట్ మీద గోధుమ చుక్కలు పెడుతుంది. కోసే ముందు టేపు, గుడ్డతో కప్పి, అయిపోగానే అయస్కాంతంతో, తర్వాత వ్యాక్యూమ్‌తో ఎత్తేయండి. గట్టర్లలో, సిల్ గాడుల్లో దాక్కున్నది కూడా. కోసిన ప్రతి అంచుకి ప్రైమర్, పైన పెయింట్, అప్పుడే సీలెంట్. స్టెయిన్‌లెస్ బోల్టు పెయింటు గీసి ఉత్త రేకుని తాకితే ఆ రేకే ముందు పోతుంది, కింద నైలాన్ వాషర్, సీలెంట్ పెట్టండి.

ఇన్సులేషన్ వెనక ఊపిరి తేమ చేరి రేకు మీద నీళ్లుగా మారుతుంది. డోర్ల, పిల్లర్ల డ్రెయిన్ రంధ్రాల మీద ఉన్ని, ఫోమ్ కూరొద్దు. విస్తరించే ఫోమ్‌ని సిల్ లోపల నింపడం అన్నిటికన్నా చెడ్డ పని. అది నీళ్లు పట్టుకుని అలాగే ఉంచుతుంది.

పాతస్పానర్

అసలు విషయం ఎవరూ ఎత్తలేదు. కింద పడుకున్నప్పుడు బ్రేక్ గొట్టాలు చూడండి. క్లిప్‌ల కింద, ట్యాంకు పైన, వెనక ఆక్సిల్ దగ్గర తుప్పు ఎక్కువ. పైన గోధుమరంగు పూత మాత్రమే ఉంటే తుడిచి లానోలిన్ పూయండి. గోరుతో గీకితే గుంటలు తగులుతుంటే, పొర ఊడుతుంటే ఉప్పు కాగితం పెట్టి సాపు చేసే పని కాదు, గొట్టం మార్చాలి. కాపర్-నికెల్ గొట్టం తుప్పు పట్టదు, వంచడం సులువు. చాలా వ్యాన్‌లకి 4.75 మిల్లీమీటర్లు. పాత గొట్టం చివర ఫ్లేర్ (విచ్చుకున్న అంచు) ఏ ఆకారంలో ఉందో చూసి అదే ఆకారం చేయాలి, డబుల్ ఫ్లేర్‌కి బబుల్ ఫ్లేర్ పెట్టొద్దు. యూనియన్ నట్ కదలకపోతే బలవంతం చేయకుండా రాత్రంతా చొచ్చుకుపోయే నూనెలో ఉంచి ఫ్లేర్ నట్ స్పానర్ వాడండి. అనుభవం లేకపోతే ఇది మెకానిక్‌కే.

ఇక స్ప్రింగ్ హ్యాంగర్లు, ట్యాంకు పట్టీలు, స్పేర్ చక్రం గూడు. విప్పగలిగిన చిన్న బ్రాకెట్లని సిట్రిక్ యాసిడ్‌లో నానబెట్టండి, లీటరు నీళ్లకి 50 గ్రాములు, ఒక రాత్రి. ఉదయం కడిగి, వంటసోడా నీళ్లలో ముంచి, వెంటనే ఆరబెట్టి ప్రైమర్. గాల్వనైజ్ చేసిన ముక్కలు, అల్యూమినియం వద్దు, యాసిడ్ వాటిని తినేస్తుంది.

రెండుపొరలు

బ్యాటరీ ఛార్జర్‌తో ఎలక్ట్రోలిసిస్ కూడా చేయొచ్చు. 4 లీటర్ల నీళ్లకి ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా, ముక్క నెగటివ్‌కి, పనికిరాని మామూలు ఇనుము పాజిటివ్‌కి. స్టెయిన్‌లెస్ పెట్టొద్దు, నీళ్లలో విషపు క్రోమియం దిగుతుంది. ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. హైడ్రోజన్ లేస్తుంది కాబట్టి ఆరుబయట మాత్రమే. గట్టి బోల్టులు, స్ప్రింగులు ఇందులో వేయొద్దు, హైడ్రోజన్ చేరి పెళుసుబారతాయి.

డీజిల్‌_డబ్బా

అయితే నా క్రమం ఇదీ: కడగడం, ఆరబెట్టడం, మ్యాట్‌లు ఎత్తి చూడటం, లీకులు మూయడం, అండర్‌కోట్ తీయడం, తుప్పు తీయడం, సిల్ వెల్డింగ్, ఎపాక్సీ, సీలెంట్, పెయింట్, చివర వ్యాక్స్. అద్దం మూల పొక్కు ఎప్పుడు?

రేకుపని

వెల్డింగ్ రోజే. రబ్బరు పక్కకి లాగి పైన సీలెంట్ రాస్తే ఆగదు. అద్దం తీయాలి, ఫ్రేమ్ పెదవి మొత్తం చూడాలి. చిల్లు ఉంటే అక్కడా రేకు వేయాలి. అద్దం అంటించే రకమైతే, కొత్త ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక ఆ గ్లాస్ జిగురు కంపెనీ చెప్పిన ప్రైమర్ పూసి బిగించాలి. రబ్బరు గట్టిపడి ఉంటే కొత్తది తెచ్చుకోండి, పాతది మళ్లీ ఎక్కించినా కారుతుంది.

ఇంకొకటి, వెల్డింగ్ చేసిన అతుకు బయట ఎంత బాగా పూసినా లోపలివైపు పెయింట్ కాలిపోయి ఉంటుంది. ఆ సిల్‌కి క్యావిటీ వ్యాక్స్ మర్చిపోతే ముందు పోయేది ఆ అతుకే.

మైనం_గన్

సిల్ లోపలికి దారి లేకపోతే ప్లాస్టిక్ గ్రోమెట్ ఉన్న రంధ్రాలు వెతకండి, స్టెప్ ప్లేట్ కింద, సీటు బెల్టు రీలు కవర్ వెనక ఉంటాయి. కొత్తగా వేయాల్సి వస్తే పైవైపు వేయండి. అంచుకి ఎపాక్సీ, పైన రబ్బరు గ్రోమెట్. కొట్టిన మర్నాడు ప్రతి డ్రెయిన్ రంధ్రంలో కేబుల్ టై దూర్చి తెరిచి ఉందో లేదో చూడండి. వ్యాక్స్ అక్కడే గడ్డకడుతుంది.

డీజిల్‌_డబ్బా

అర్థమైంది. వ్యాక్స్ కొట్టాక ఎన్నాళ్లకి అడుగు భాగం కడగొచ్చు?

మైనం_గన్

వారం ఆగండి. ఆ తర్వాత కూడా నీళ్లు పోయొచ్చు గానీ వేడి నీళ్లు, డీగ్రీజర్ వద్దు, పూతంతా కరిగిపోతుంది. ఉప్పు రోడ్ల మీద తిరిగే బండైతే ఆ కాలం మొత్తం రెండు వారాలకోసారి తక్కువ ప్రెషర్‌తో ఆర్చ్‌లు, సిల్ అడుగు కడుగుతూ ఉండండి. ఉప్పు తడి ఉన్న బండిని వెచ్చటి గ్యారేజీలో మూసిపెట్టడం కంటే గాలి ఆడే చల్లటి షెడ్డే నయం, వేడిలో తుప్పు ఇంకా వేగం అందుకుంటుంది.